గడువు దినమున మౌనము

అమెరికాలోని ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ జట్లు తమలో తాము ఆటగాండ్రను మార్చుకొనుటకు ఏటేటా ఫిబ్రవరి మాసమున ఒక గడువు కలదు. ఆ దినమున అచ్చటి తూర్పు తీరపు కాలమానమున మధ్యాహ్నము మూడు గంటలు, అనగా మన గడియారమున అర్ధరాత్రి గడచి ఒంటిగంటన్నర, అయినంతట ఆ అంగడి మూతపడును. అటుపిమ్మట ఆ సీజను ముగియువఱకు ఏ జట్టును తన ఆటగానిని ఒక జట్టునకిచ్చి మఱియొకనిని తెచ్చుకొనజాలదు. దీనినే వారు ట్రేడ్ డెడ్‌లైన్ అందురు. అగ్రస్థానమున నున్న జట్టునకు ఆ దినమున పెద్ద చిక్కు లేదు. తనకు కొఱవడిన ఒక్క అంగమును సమకూర్చుకొనును. అట్టడుగున నున్న జట్టునకును లేదు. పేరుగల వారిని పంపివేసి పిన్నవారిని, రాబోవు డ్రాఫ్ట్ ఎంపికలను, అనగా క్రొత్త ఆటగాండ్రను వరుసలో ఎంచుకొను వంతులను, తెచ్చుకొనును. చిక్కంతయు నడిమి జట్టుదే. అప్పటివఱకు ఆడిన ఆటలలో ఇంచుమించు సగము గెలిచి సగమోడి, రెంటికి చెడిన రేవడివలె నిలిచిన జట్టు ఆ దినమున కొనవలెనా, అమ్మవలెనా, ఊరకుండవలెనా అను ప్రశ్న దాని అభిమానులను ఎంతగా కలచివేయునో కన్నవాడను గనుక, ఆ వాదము పనిలేనివారి కాలక్షేపమని నేననలేను.

షికాగో బుల్స్ జట్టును మించిన నిదర్శనము దీనికి దొరకదు. 1991 మొదలు 1998 లోపల ఆఱుమార్లు చాంపియన్లైన జట్టది. 1995-96లో 82 ఆటలకు 72 గెలిచిన జట్టది. 1987లో మొదలై 2000 వఱకు, మైకేల్ జోర్డాన్ వెడలిపోయిన తరువాతను, వరుసగా 610 ఆటలకు సొంత మైదానమున టిక్కెట్లన్నియు చెల్లిపోయిన జట్టది. అట్టి జట్టు 2021-22లో 46 ఆటలు గెలిచి, సీజను పిమ్మట జరుగు ప్లేఆఫ్స్ పోటీల తొలి చుట్టులోనే మిల్వాకీ చేత నోడెను. ఆపై మూడు సీజనులలో అది గెలిచిన ఆటలు వరుసగా 40, 39, 39. తూర్పు విభాగమున ఏడవ స్థానము మొదలు పదవ స్థానము వఱకు నున్న నాలుగు జట్లు ప్లేఆఫ్స్‌లోని కడపటి రెండు చోట్లకై ఆడు ప్లే-ఇన్ పోటీలకు ఆ మూడేండ్లును చేరెను, మూడేండ్లును మయామీ చేతనే ఓడి వెనుదిరిగెను.

షికాగోకు పడమటనున్న అరోరా, నేపర్‌విల్ మొదలగు పట్టణములలో మన తెలుగువారు పెక్కుమంది స్థిరపడియున్నారు. నా మేనల్లుడును వారిలో నొకడు. వాడు ఉన్న జట్టును నిలుపుకొని ఓర్పుతో గెలువవలెనను పక్షమువాడు. వాని కొడుకు ఉన్నవారినందఱిని అమ్మివేసి మొదటినుండి కట్టవలెనను పక్షమువాడు. అరోరాలోని వేంకటేశ్వరస్వామి ఆలయమున దర్శనము చేసికొని ప్రసాదపు పులిహోర తినుచును తండ్రీకొడుకులు ఈ వాదమును విడువలేదు. నేను నడుమ దూరి, ఆటలో ఓటమి సహజమే కదా యని పిల్లవానిని ఓదార్పబోగా వాడు నా వైపు తిరిగి, "ఓడిపోతే ఓడిపోనీ తాతయ్యా, అసలు ఎటు వెళ్తున్నామో మాకు చెబితే చాలు కదా" అనెను. నేను ఈ విషయమును గూర్చి చదివిన విశ్లేషణలన్నిటిలోను ఆ మాటకు సరియగునది నాకు కనబడలేదు.

ఏలయన, బుల్స్ యాజమాన్యము 2022లోను, 2023లోను, 2024లోను గడువు దినమున ఒక్క మార్పిడియైనను చేయలేదు. అమ్మలేదు, కొనలేదు. ఆ నిష్క్రియకు వెల యెంతో పిదప తెలిసివచ్చినది. రక్షణక్రీడలో దేశమున అగ్రగణ్యులలో నొకడైన అలెక్స్ కరూసోను 2024 ఫిబ్రవరిలో నుంచుకొని, ఆ జూన్‌లో ఓక్లహోమా సిటీకి ఇచ్చి జాష్ గిడ్డీనొక్కనిని పుచ్చుకొనిరి. వానితో ఒక్క డ్రాఫ్ట్ ఎంపికయైనను రాలేదు. జట్టునకు వెన్నెముకయైన డెమార్ డెరోజన్‌ను అదే గడువున నుంచుకొని, ఆ వేసవిలో సాక్రమెంటోకు పంపునప్పుడు క్రిస్ డువార్టేను, డ్రాఫ్ట్ రెండవ చుట్టు ఎంపికలు రెంటిని, కొంత ధనమును పొందిరి. ఆండ్రే డ్రమండ్‌ను ఉంచుకొనగా అతడు ఒప్పందము తీరినంతనే ఫిలడెల్ఫియాకు వెడలిపోయెను. బుల్స్‌కు దక్కినది శూన్యము. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట యనగా ఇదియే. ఈ ముగ్గురును నిలిచినందున 2024 వసంతమున ఆ జట్టు సాధించినదేమనగా, ప్లే-ఇన్‌లో అట్లాంటాపై నొక గెలుపు.

అట్లని నిలుపుకొనవలెనను పక్షమువారిని తెలివిలేనివారని త్రోసిపుచ్చరాదు. వారి వాదమునకు బలమైన ఆధారములే కలవు. 2022 జనవరి నడుమ ఈ జట్టే తూర్పు విభాగమున మొదటి స్థానమున నుండెను. ఆ మాసముననే లొంజో బాల్ మోకాలు దెబ్బతిని, వేయి దినములకు పైగా, 2024 అక్టోబరు వఱకు, అతడు మరల నొక్క పోటీ ఆట ఆడలేకపోయెను. బంతిని ముందుకు నడిపించి, ఎదుటివారి బంతిని అడ్డగించి, జట్టంతటికి వేగము నిచ్చిన ఆ యొక్కడు లేకుండుటచే కట్టడము కుంగినదే కాని, కట్టినవారి ఆలోచన చెడ్డది కాదని వారందురు. మఱియు 2023 ప్లే-ఇన్‌లో, చివరి చతుర్థాంశమున సయితము ఆధిక్యముననుండి బుల్స్ ఎవరి చేత నోడెనో ఆ మయామీ ఎనిమిదవ స్థానముతో లోపలికి పోయి అదే ఏడు ఫైనల్స్ వఱకు సాగెను. ఆ కొన్ని నిమిషములు మఱియొక విధముగా నడచియుండిన, ఆ ప్రయాణము మనదే కాకూడదా యని నా మేనల్లుడు నేటికిని అడుగుచుండును. ఈ ఆశను నేను గౌరవింతును. అయితే ఆశ వేఱు, ప్రణాళిక వేఱు. గాయపడిన వాడు ఎప్పుడు వచ్చునో తెలియని స్థితిలో ఒక ఏడు నిరీక్షించుట ధర్మము. మూడు గడువులు అట్లే గడపుట, నిర్ణయింపలేమిని ఓర్పు అను పేరుతో పిలుచుట.

ఇక రెండవ పక్షమున ఒక తీవ్రశాఖ కలదు. వారితో నాకు సంధి లేదు. వారు ఆటగాండ్రను అమ్మివేయుటతో తృప్తినొందక, బుద్ధిపూర్వకముగా ఓడి, డ్రాఫ్ట్ వరుసను తేల్చు లాటరీలో మొదటి ఎంపికకై నిరీక్షింపవలె నందురు. వారి తర్కము లెక్కకే నిలువదు. 2019 మొదలు అమలైన నియమములననుసరించి అట్టడుగు జట్లు మూటికిని మొదటి ఎంపిక దక్కు అవకాశము నూటికి 14 వంతులు మాత్రమే. 2022-23లో 17 ఆటలే గెలిచిన డిట్రాయిట్‌కు ఐదవ ఎంపిక వచ్చెను. మఱుసటి యేడు వరుసగా 28 ఆటలోడి, మొత్తముమీద 14 మాత్రమే గెలిచి, మరల అందఱికన్న కడపట నిలిచిన ఆ జట్టునకే మరల ఐదవ ఎంపిక వచ్చెను. 2025లో 17 గెలుపులతో కట్టకడపట నిలిచిన యూటాకును ఐదవదే. ఆ 2025లోనే డాలస్, షికాగో జట్లు రెండును 39 గెలుపులతో, 43 ఓటములతో సరిసమానముగా సీజను ముగింపగా, వాని నడుమ వరుసను తేల్చు చీటీ డాలస్ వైపు పడెను, నూటికి 1.8 వంతుల అవకాశముతో ఆ డాలసే లాటరీ గెలిచి కూపర్ ఫ్లాగ్‌ను పొందెను. షికాగోకు పండ్రెండవ ఎంపిక మిగిలెను. అదృష్టము ఓటమిని తూచి యిచ్చునది కాదనుటకు ఇంతకన్న నేమి కావలెను?

లెక్క మాట యటుండ, నన్ను నిజముగా బాధించునది వేఱొకటి. ఆ సీజను చివరి 20 ఆటలలో బుల్స్ 15 గెలిచిరి. కోబీ వైట్ ఎన్నడును ఆడనంత చక్కగా ఆడెను, గిడ్డీ ప్రతిరాత్రియు బంతిని పంచుచు, తాను వేయుచు, ఎగిరి పట్టుచు జట్టును నడిపించెను. పొరుగు పట్టణమున పెరిగిన మటాస్ బుజెలిస్, ఇరువది ఏండ్ల పిల్లవాడు, నెలనెలకు ముదిరివచ్చెను. అప్పుడు వేలకొలది అభిమానులు ఈ గెలుపులవలన డ్రాఫ్ట్ వరుస చెడిపోవుచున్నదని విలపించిరి. తన జట్టు గెలిచిన రాత్రి నిట్టూర్పుతో నిద్రపోవు అభిమానిని తలచుకొనుడు. టిక్కెట్టు కొని, బిడ్డను వెంటబెట్టుకొని, మంచులో బండి నిలిపి లోపలికి పోయిన తండ్రి తన వారు ఓడిన బాగుండునని మనసులో కోరుకొనుట! ఆటకు ఇంతకన్న అపచారము లేదు. ఆ తప్పు ఆ తండ్రిది కాదు. ఏ త్రోవయు చూపని యాజమాన్యము అతనిని ఆ కోరికకు నెట్టినది.

నడిమి జట్టు తన చేతులతో తానే త్రోవ వేసికొనగలదని చూపినది షికాగోకు మూడు గంటల కారు ప్రయాణపు దూరమున నున్న ఇండియానా. 2022 ఫిబ్రవరి 8న, గడువునకు రెండు దినముల ముందు, ఆ జట్టు రెండుమార్లు ఆల్-స్టార్ అయిన డొమాంటాస్ సబోనిస్‌ను సాక్రమెంటోకు ఇచ్చి, ఇరువది యొకటవ ఏట నున్న టైరీస్ హాలిబర్టన్‌ను తెచ్చుకొనెను. పేరుగలవానిని పోగొట్టుకొన్నారని నాడు నిందించినవారు లేకపోలేదు. ఆ సీజనున ఇండియానా 25 ఆటలే గెలిచెను. కాని అది ఓటమిని వ్రతముగా పట్టలేదు. 2024 జనవరిలో పాస్కల్ సియాకమ్‌ను తెచ్చి బలమును పెంచుకొని, 2025 జూన్‌లో ఫైనల్స్ ఏడవ ఆట వఱకు సాగెను. ఆ ఏడవ ఆటలోనే హాలిబర్టన్ కాలి స్నాయువు తెగుట విధివైపరీత్యము. ఎదుట గెలిచిన ఓక్లహోమా సిటీ జట్టులో రక్షణకు నిలిచినవాడెవడనగా, షికాగో ఒక్క డ్రాఫ్ట్ ఎంపికయైనను పుచ్చుకొనక విడిచిన కరూసో! ఆ ఫైనల్స్ చూచిన బుల్స్ అభిమానికి రెండు వైపులను తన జట్టు చేయని పనులే కనబడియుండును.

ఈ మార్పిళ్ళను గూర్చి మాటలాడునప్పుడు మనము మఱవరాని సంగతి యొకటి కలదు. మార్పిడి యగునది మనుష్యుడు. ఒప్పందములో మార్పిడిని నిషేధించు వాక్యము గల ఏ కొలదిమందికో తప్ప తక్కినవారికి ఈ విషయమున మాట లేదు. ఉదయమున ఒక ఊర నిద్ర లేచినవాడు సాయంకాలమునకు వేఱొక రాష్ట్రమునకు పోవలసియుండును, బిడ్డల చదువు, ఇల్లు, స్నేహములు వెనుక మిగిలిపోవును. డెరోజన్‌ను 2018లో టొరంటో హఠాత్తుగా పంపివేసినప్పుడు ఆతడు పొందిన దుఃఖము లోకమెఱిగినదే. అభిమానులు వాదించునప్పుడు "అమ్ముడు, పారవేయుడు" అనుటకు ముందు ఒక క్షణ మాగవలెనని నా మనవి.

2025 ఫిబ్రవరిలో బుల్స్ ఎట్టకేలకు కదలిరి. 2022లో అయిదేండ్లకు 21.5 కోట్ల డాలర్ల ఒప్పందము పొందిన జాక్ లవీన్‌ను మూడు జట్ల మార్పిడిలో సాక్రమెంటోకు పంపి, కెవిన్ హ్యూర్టర్, జాక్ కాలిన్స్, ట్రే జోన్స్ అను ముగ్గురిని, అంతకుమునుపు శాన్ ఆంటోనియోకు ఇచ్చియుండిన తమ డ్రాఫ్ట్ ఎంపికను తిరిగి తెచ్చుకొనిరి. అంతకు ముందటి యేడు గడువునకు కొలది దినముల ముందు లవీన్ పాదమునకు శస్త్రచికిత్స నిశ్చయమగుటచే ఈ పని అప్పుడు జరుగలేదు. అందుకు యాజమాన్యమును తప్పుపట్టను. ఈ మార్పిడి గొప్పది కాకపోయినను సరియైనదే యని నా అభిప్రాయము. కాని సగములో ఆగినది. అదే గడువున ముప్పదినాలుగేండ్ల నికోలా వూచెవిచ్‌ను, 2021లో ఇద్దఱు ఆటగాండ్రతోబాటు రెండు మొదటి చుట్టు ఎంపికలిచ్చి తెచ్చుకొన్నవానిని, కదల్పలేదు. ఆ ఎంపికలలో నొకటితోనే ఓర్లాండో ఫ్రాన్స్ వాగ్నర్‌ను పొందెను. వూచెవిచ్‌ను అప్పుడు ఉంచుకొనుటకు కారణములు ఉండియుండవచ్చును. ఉండినచో అవి అభిమానికి వినబడవలసియుండెను.

ఇరువది వేలకు పైబడి కూర్చుండగల యునైటెడ్ సెంటర్‌ను ఆ మూడు నిష్ఫల వత్సరములలోను నింపినవారు అభిమానులు. వారు విజయమును హామీగా కోరుట లేదు. ఏ ఆటలోను ఎవరును అట్టి హామీ ఇయ్యలేరు. ఈ జట్టు ప్లేఆఫ్స్‌లో కడపటిసారి ఒక చుట్టు గెలిచినది 2015లో, మిల్వాకీపై. నా మేనల్లుని కొడుకు అప్పటికి పలకమీద అక్షరములు దిద్దుచుండెను. ఈ జట్టు వ్యవహారములను నడపువారికిని, 1985 నుండి యజమానియైన జెర్రీ రైన్స్‌డార్ఫ్‌కును ఆ పిల్లవాని పక్షమున నా విన్నపము ఇంతే: ఇకమీదట ఫిబ్రవరి గడువునకు ముందే, కొనుచున్నారో అమ్ముచున్నారో, ఎన్ని ఏండ్ల త్రోవనో ఏల ఆ త్రోవనో, మైకు ముందు నిలిచి అభిమానులకు చెప్పుడు.