అచ్చు కాకముందే నలుగురూ చూడాలి

సంతలో ఎద్దును కొనేముందు మనం నలుగురినీ పిలుస్తాం. పళ్లు చూస్తాం, నడిపించి చూస్తాం. బేరం తెగాక చూసి ఏం లాభం? శాస్త్రజ్ఞులు ఎక్కువగా చేసేది అదే. ‘జర్నల్ క్లబ్’ అని కూర్చుని పరిశోధన వ్యాసం చదువుతారు, తప్పొప్పులు మాట్లాడుకుంటారు. మంచి అలవాటే. కానీ అది అప్పటికే అచ్చయిన వ్యాసం. దొరికిన తప్పు ఆ గది దాటదు.

అచ్చుకు ముందే అందరి ముందూ పెట్టే వ్యాసాన్ని ప్రీప్రింట్ అంటారు. 2016లో బంగ్లాదేశ్‌లో గోధుమ పైరుకు అగ్గితెగులు సోకింది. వేల ఎకరాలు దెబ్బతిన్నాయి. తెగులు దక్షిణ అమెరికా రకమని చెప్పే వ్యాసం జూన్‌లోనే ప్రీప్రింట్‌గా వచ్చింది. పత్రికలో అచ్చయింది అక్టోబరులో. అక్కడ గోధుమ విత్తేది నవంబరులో! ఆ నాలుగు నెలల విలువ రైతుకు చెప్పాలా?

మన వ్యవసాయ కాలేజీల వాళ్లు కూడా ప్రీప్రింట్లే ముందేసుకుని చదవాలి. కనిపించిన లోపాన్ని రాసినవారికి పంపాలి, దిద్దుకునే వీలుంటుంది. ఒక్కడే రాయాలంటే పెద్ద ప్రొఫెసరు పేరు చూసి కుర్రాడు జంకుతాడు. పదిమంది కలిసి రాస్తే ఆ భయం ఉండదు.

అలాగని ఎవరూ సరిచూడని కాగితాన్ని నమ్మి మందు కొట్టకండి. ఈసారి రైతు సదస్సులో కొత్త మందు పేరు చెబితే లేచి అడగండి: ‘‘దీన్ని మీరు కాక ఇంకెవరు పరీక్షించారండీ?’’