జుట్టుకి చెడ్డేమిటి?

డొమినికన్ రిపబ్లిక్‌లో బిగుతు రింగుల జుట్టుని ‘పేలో మాలో’ అంటారు. అంటే చెడ్డ జుట్టు. పాలు చెడిపోవచ్చు, బుద్ధి చెడిపోవచ్చు, జుట్టు చెడ్డదవడమేమిటండీ! తల్లులే కూతుళ్ళని సెలూన్‌కి తీసుకెళ్ళి, రోలర్లు చుట్టించి, వేడిగాలి పట్టించి సాపు చేయిస్తారు.

ఆడవాళ్ళ సోకులని వెక్కిరించేవాళ్ళు కాస్త చరిత్ర చూడాలి. ఆ దేశపు నియంత ట్రుహీయో తన రంగు దాచుకోవడానికి ముఖానికి పౌడరు పూసుకునేవాడు. 1937లో పక్కదేశం హైతీవాళ్ళని వేలమందిని చంపించాడు. ఆఫ్రికా మూలాలున్న తన జనానికేమో గుర్తింపు కార్డుల్లో ‘ఇండియో’ అని రాయించారు, అంటే ఆదివాసి రంగట! ఆ ఆదివాసుల్ని స్పెయిన్‌వాళ్ళు ఎప్పుడో దాదాపు తుడిచిపెట్టేశారు.

నలుపంటే హైతీ, హైతీ అంటే శత్రువని సర్కారే నేర్పాక, భయపడ్డ తల్లిదా తప్పు? ఇప్పుడు సాంటో డొమింగోలో రింగుల జుట్టుకనే సెలూన్లు వచ్చాయి, సంతోషం. మరి ఆ జుట్టుతోనే వెళ్ళిన అమ్మాయికి ఉద్యోగమిస్తారా?