కొండమీది రెండు దినములు

మదనపల్లెకు సమీపమున హార్స్‌లీకొండ యని నేడు వ్యవహరింపబడు గిరికి పూర్వనామము ఏనుగు మల్లమ్మకొండ. ఆ శిఖరమున మల్లమ్మ యను పుణ్యవతి నివసించెననియు, ఏనుగులు ఆమెను కాచి ఆహారము తెచ్చి యిచ్చుచుండెననియు, ఆమె కొండజనుల రోగములను మాన్పుచుండి తుదకొకనాడు ఎవరికిని కనబడకపోయెననియు అచ్చటివారు చెప్పుకొందురు. ఆమెకు అచ్చట గుడి కలదు. పందొమ్మిదవ శతాబ్దమున కడప కలెక్టరుగా నుండిన హార్స్‌లీదొర వేసవికి తాళలేక ఆ కొండపై ఇల్లు కట్టించుకొనెను. మదనపల్లె తాలూకా ఆనాడు కడపజిల్లాలోనిది. చిత్తూరుజిల్లా యేర్పడినది 1911లో. దొర వచ్చిన పిమ్మట మల్లమ్మ పేరు వెనుకబడెను. ఒకరు తెచ్చి యిచ్చిన యాహారము తిని కొండపై సుఖముగా నుండిన స్త్రీ ఆమె యొక్కతెయే కాబోలునని మాకు తోచును.

శని యాదివారములందు కుటుంబముతో కొండకు పోయి వచ్చు వాడుక నానాటికి పెరుగుచున్నది. అది మంచిదే. మదనపల్లెనుండి ఈ కొండకు ముప్పది కిలోమీటర్లు. బెంగుళూరువారును తిరుపతివారును మూడునాలుగు గంటలలో చేరుకొనవచ్చును. ఎత్తు నాలుగువేల యడుగులకు మించినది. వెయ్యి మీటర్లు పైకి పోయినచో గాలి ఆరేడు డిగ్రీలు చల్లబడును గనుక, క్రింద వడగాలి వీచుదినములందును పైన చెట్లనీడ హాయిగా నుండును. నీలగిరి చెట్ల వాసన, మంచు, నిశ్శబ్దము తప్ప అచ్చట పెద్ద వేడుకలు లేవు. గాలిబండపై నిలిచినచో కొంగు నిలువదు; మన మాట ప్రక్కవారికి వినబడదు. అంగళ్లును తక్కువయే. పనులతో అలసిన వారికి తగిన చోటు.

అయితే ఇంటిలో అందరికన్న అలసినవారెవరు?

గడచిన మాఘమాసమున మేము ఆ కొండపై నుండగా, పదునొకండుగురు గల యొక కుటుంబము మా ప్రక్కనే దిగెను. వారు గ్యాసు పొయ్యి, బియ్యము, పప్పు, పోపులడబ్బా, తుదకు రుబ్బిన పిండితో సహా తెచ్చుకొనిరి. పురుషులును పిల్లలును తెల్లవారగనే గాలిబండకు పోయిరి. నలుబదియేండ్ల యిల్లాలొకతె మాత్రము పొయ్యికడ కూర్చుండెను. కొండ చూచితిరా యని యడుగగా, "యాడ చూసేదమ్మా! బ్యాళ్లు ఇంకా ఉడకనే లేదే" యనెను.

పప్పు ఉడుకకుండుట ఆమె లోపము గాదు. ఎత్తు పెరిగినకొలది గాలి యొత్తిడి తగ్గును. దానితో సుమారు మూడువందల మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున నీరు తక్కువ వేడిమికే మరగును. సముద్రతీరమున నూరు డిగ్రీలకు మరగు నీరు ఆ కొండపై తొంబదియారింటికే మరగును. ఎంత మంట పెట్టినను మూత లేని గిన్నెలో అంతకు మించి వేడి యెక్కదు. కావున ఇంటికన్న ఎక్కువసేపు కాచుకొని కూర్చుండవలసినదే. మూత బిగించు కుక్కరున్నచో ఈ చిక్కు తీరును. కాని కుక్కరు మోసికొని పొమ్మని చెప్పుటకు మేమిది వ్రాయుట లేదు.

గరిటె మేము పుచ్చుకొని ఆమెను గాలిబండకు పంపితిమి. అరగంటకు తిరిగి వచ్చెను. కొప్పు వీడి జుట్టు భుజములపై చెదరియుండెను. ముడి వేసికొనకయే కూర్చుండి, మేము వలదన్నను గరిటె తీసికొనెను.

పెద్దనగారి మనుచరిత్రమున ప్రవరుడు కాలికి పసరు పూసికొని హిమాలయము చూడ బోయెను. ఆ యింటి యిల్లాలిని ఎందరతిథులు వచ్చినను వంటకు విసుగనిదని కవి కొనియాడెను. హిమవంతమును చూడవలెనని ఆమెకు నుండెనేమో యని మాత్రము ఎవరును అడిగినట్లు లేదు. పసరు ఒక్కరి కాళ్లకే చాలెను కాబోలు. నేడు బండిలో అందరికిని చోటున్నది. ఆమెను వెంట దీసికొనియే పోవుచున్నారు. అయినను పొయ్యిని గూడ వెంట దీసికొనిపోయినచో, ఆమె చూచునది కొండ గాదు, పొయ్యియే.

కొండపై పర్యాటకశాఖవారి వసతిగృహములందు భోజనము దొరకును. ఎందరు వచ్చెదరో, ఏ పూటకు వచ్చెదరో ముందుగా తెలిపినచో చిక్కుండదు. రుచి ఇంటి రుచివలె నుండకపోవచ్చును. బయటి తిండి మాకు పడదని సణుగు పురుషులు ఊరిలో హోటళ్ల ముందు నిలిచి తినుట మనమెఱుగనిది గాదు. రెండు దినములు సాదా ఇడ్లీ తిన్నంతమాత్రమున ఎవరి దేహమును చిక్కదు. పసిబిడ్డలకు, మధుమేహము గల పెద్దలకు మాత్రము వేళ తప్పరాదు. వారికై ఫ్లాస్కులో వేడినీరు, బొరుగులు, అరటిపండ్లు, మందులు ఒక సంచిలో నుంచుకొనిన చాలును. ఆ సంచి ఇల్లాలి చేతికే రావలెనను నియమమును లేదు.

ఇంకొక మాట. వంట అక్కడ వద్దనుకొని, శుక్రవారము రాత్రి రెండు గంటలవరకు మేల్కొని పులిహోర కలిపి, జంతికలు వత్తి, తెల్లవారి బండిలో కునికిపాట్లు పడు సోదరీమణులు పెక్కుమంది కలరు. పని తగ్గలేదు, స్థలము మాత్రము మారినది. జంతికలు అంగడిలో కొనవచ్చును. పులిహోర కావలెననువారు చింతపండు పిసుకుటకు కూర్చుండవచ్చును. ఇక చెట్ల క్రింద పొయ్యి వెలిగించుట ఏ విధముగను తగదు. నీలగిరి ఆకులలో నూనె యుండును. ఎండుటాకులు రాలియున్నచోట ఒక్క నిప్పురవ్వ చాలును.

ఆదివారము చీకటి పడకమునుపే కొండ దిగవలెను. మలుపులందు మంచు క్రమ్మినచో ఎదుటి బండి కానరాదు. క్రింద మదనపల్లె టమాటా సంత దేశమున పేరొందినది. చౌకగా నున్నవని ఒక గంప కొనవలెనని అందరికిని బుద్ధి పుట్టును. కొనుడు. ఆ రాత్రి కూర్చుండి వానిని కోసి ఉప్పులో వేయువారెవరో మాత్రము గంప బండి యెక్కకమునుపే తేల్చుకొనుడు.