ఆయాసాన్ని వయసు ఖాతాలో రాయొద్దు

విశాఖ వన్‌టౌన్‌లో డాబా మీద ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి మాసిపోతుంది. కిటికీ చువ్వ మీద వేలు రాస్తే నల్లటి నుసి అంటుకుంటుంది. బొగ్గు దిగుమతీ ఇనుప ఖనిజం ఎగుమతీ జరిగే పోర్టు పక్కనే ఉంది. జ్ఞానాపురం, మల్కాపురం వాళ్లు ఈ దుమ్ము గురించి ఏళ్లుగా మొత్తుకుంటూనే ఉన్నారు.

కంటికి ఆనని దుమ్ముతో పెద్దవాళ్లకు ఇంకా ముప్పు. 2.5 మైక్రాన్ల లోపు రేణువులు ముక్కులో, గొంతులో ఆగవు. ఊపిరితిత్తుల అడుగుకు పోతాయి, మరీ సన్ననివి రక్తంలోకి దిగుతాయి. కళ్లెను దగ్గి బయటికి తోసే శక్తి వయసుతో తగ్గుతుంది. ఇక గుండె సంగతి. 2019లో బయటి గాలి కాలుష్యం తెచ్చిన అకాల మరణాల్లో సుమారు 68 శాతం గుండెజబ్బు, పక్షవాతాల వల్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. డిమెన్షియా ముప్పు పెంచేవాటిలో గాలి కాలుష్యాన్ని 2020లో లాన్సెట్ కమిషన్ చేర్చింది.

మన ఇళ్లలో మాత్రం ఒకటే మాట: "ఈ వయసులో ఆయాసం మామూలే అత్తయ్యా." మెట్ల మధ్యలో కమ్మీ పట్టుకుని నిలబడిపోయిన ఆవిడ ఆ మాట విన్నాక ఇంకోసారి చెప్పదు. ఆస్పత్రికి తీసుకెళ్లినా బీపీ, షుగరు చూస్తారు తప్ప, మీ ఇంటి పక్కన ఏముందని అడిగేవాళ్లు అరుదు. నాకు కోపం అక్కడే.

చలికాలంలో తెల్లవారుజాము నడక కూడా ఆలోచించాల్సిందే. రాత్రి నేల చల్లబడి, బరువెక్కిన గాలి కిందే ఉండిపోతుంది. పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. యారాడ కొండకూ సింహాచలం కొండలకూ నడుమనున్న ఊళ్లో లారీల పొగ, దుమ్ము ఎటు పోతాయి? గుండెజబ్బు, ఆస్తమా ఉన్న పెద్దలు ఎండ పొడ బాగా తగిలాక నడిస్తే మేలు. ఇంట్లో దోమల చుట్ట మానేసి తెర కట్టండి.

అలాగని భారమంతా తాతయ్యల మీద పెట్టడం న్యాయం కాదు. సన్నటి దుమ్ము ఏడాది సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశపు పరిమితి 40. బొగ్గు గుట్టలకు కప్పు వేయాలి, పట్టా కప్పని లారీని గేటు దాటనివ్వకూడదు. గాలి కొలతలు రోజూ తెలుగులో, వార్డు సచివాలయం బయట బోర్డు మీద రాయాలి. ఈ మూడూ వచ్చే చలికాలంలోపే చేయదగ్గ పనులు.