ఖరగ్‌పూర్ తెలుగువాడి లైసెన్సు

ట్రాఫిక్ అనగానే ఎవరికైనా రోడ్డు రద్దీ, హారన్ల మోత, కూడలిలో ఎర్రదీపం గుర్తుకు వస్తాయి. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో మాత్రం ట్రాఫిక్ ఒక పేట పేరు. రైల్వే పరిభాషలో ట్రాఫిక్ అంటే రైళ్ల రాకపోకలను నడిపించే శాఖ. ఆ శాఖ పేరే క్వార్టర్ల వరుసలకూ పేరై నిలిచింది. ట్రాఫిక్, నింపురా, మథురాకాటి వంటి రైల్వే పేటల్లో తెలుగు ఇప్పటికీ ఇంటి భాష, వీధి భాష. ఆ కుటుంబాల మూడో తరం, నాలుగో తరం యువకుడు మోటారు సైకిలు లైసెన్సు కోసం ఏ భాషలో పరీక్షకు కూర్చోవాలి? ప్రశ్న చిన్నదే. అయితే భాషా గుర్తింపు పేరిట సాగే రాజకీయం నిజమో నినాదమో తేల్చగలిగినది ఆ చిన్న ప్రశ్నే.

ఈ తెలుగువారు నిన్న మొన్న వలస వచ్చినవారు కారు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, 1902లో వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న తూర్పు తీర రైలుమార్గాన్ని తన అధీనంలోకి తీసుకున్నది. దానితో ఉత్తరాంధ్ర పల్లెలకు ఖరగ్‌పూర్ ఒక రాత్రి ప్రయాణమంత దగ్గరైంది. వర్క్‌షాపులోకి, యార్డులోకి, లోకో షెడ్డులోకి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల శ్రమ ప్రవహించింది. 1927లో ఖరగ్‌పూర్ కార్మికులు ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా సమ్మె కట్టినప్పుడు వారి యూనియన్ నాయకత్వంలో నిలిచినవాడు వి.వి.గిరి. ఆయనే 1969లో రాష్ట్రపతి అయ్యారు. అంటే ఈ ఊరి తెలుగువారికి జాతీయ రాజకీయాల చరిత్రలోనే చోటు ఉన్నది.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా గుర్తింపు ఇవ్వాలని నిర్ణయించింది. అప్పటికి శాసనసభ ఎన్నికలు కొన్ని నెలల దూరంలో ఉన్నాయి. ఖరగ్‌పూర్ తెలుగు ఓట్ల మీద చూపుతోనే ఆ నిర్ణయం వచ్చిందని విమర్శకులు అన్నారు. దీర్ఘకాలపు కోరిక నెరవేరిందని తెలుగు సంఘాలు హర్షించాయి. రెండు మాటల్లోనూ నిజం లేకపోలేదు. 2021 ఎన్నికల్లో రాష్ట్రం తృణమూల్‌కు దక్కింది, ఖరగ్‌పూర్ సదర్ స్థానం బీజేపీకి దక్కింది. ఓట్ల లెక్క అక్కడితో ముగిసింది. భాష లెక్క మాత్రం ముగియలేదు.

అధికార భాష అంటే ఏమిటి? గెజిట్‌లో ఒక పంక్తి కాదు. ప్రభుత్వం పౌరుడిని ప్రశ్నించినప్పుడు, శిక్షించినప్పుడు, అనుమతి ఇచ్చినప్పుడు అతనికి అర్థమయ్యే మాటలో మాట్లాడటం. సామాన్యుడు ప్రభుత్వం ముందు కూర్చుని నేరుగా పరీక్ష ఇచ్చే సందర్భాలు జీవితంలో బహు కొద్ది. వాటిలో మొదటిది తరచుగా లెర్నర్ లైసెన్సు పరీక్షే. ఆ పరీక్ష ఏ భాషలో జరుగుతుందన్నదే 2020 నిర్ణయానికి అసలైన పరీక్ష.

చట్టం ఏమి కోరుతున్నదో చూడాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం గేర్ల మోటారు సైకిలు నడపడానికి 18 ఏళ్లు నిండాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 11వ నియమం లెర్నర్ అభ్యర్థికి ఏమేమి తెలియాలో చెబుతుంది: రోడ్డు గుర్తులు, సిగ్నళ్లు, నియమాలు, ప్రమాదం జరిగితే డ్రైవరు చేయవలసిన విధులు, కాపలా లేని రైల్వే గేటు దాటేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు, వెంట ఉంచుకోవలసిన పత్రాలు. తరతరాలుగా రైలు పట్టాల పక్కనే బతికిన కుటుంబపు బిడ్డను రైల్వే గేటు గురించి తనకు అర్థం కాని భాషలో అడిగితే, అది ఎవరి అజ్ఞానానికి పరీక్ష?

సొంత వాహనం నడిపే లైసెన్సుకు ఈ చట్టం చదువును అర్హతగా పెట్టలేదు. రవాణా వాహనాల డ్రైవర్లకు ఉన్న ఎనిమిదో తరగతి నిబంధనను సైతం 2019లో కేంద్రం తొలగించింది. అంటే అక్షరం రానంత మాత్రాన మనిషిని రోడ్డుకు దూరం చేయరాదన్నది చట్టం ఆంతర్యం. అటువంటప్పుడు అక్షరం వచ్చి, ఆ అక్షరం తెలుగు అయినంత మాత్రాన అతనిని దూరం చేయడం ఏ న్యాయం?

స్థానిక భాష రానివాడు స్థానిక రోడ్డు మీద ఎలా నడపగలడన్న వాదన వెంటనే వస్తుంది. సబబుగా వినిపించే ఈ వాదన నిలబడదు. చట్టానికి జతపరచిన మొదటి షెడ్యూలులోని గుర్తులు ప్రధానంగా బొమ్మలు. ఎర్ర వలయం, ఎర్ర త్రిభుజం, అడ్డగీత, బాణం: ఇవి కన్యాకుమారిలోనూ కశ్మీరులోనూ ఒకటే. అన్ని భాషలవారికీ ఒకే రోడ్డు కనుకనే బొమ్మలను ఎంచుకున్నారు. రోడ్డు మీద అడ్డురాని భాష పరీక్ష గదిలో మాత్రమే అడ్డు వస్తున్నప్పుడు, మార్చవలసినది అభ్యర్థిని కాదు, గదిని.

ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగిన యువతకు హిందీ, బెంగాలీ ధారాళంగా వస్తాయి కదా అన్నది మరొక ఆక్షేపణ. ఇది చాలావరకు నిజమే. అందులో అనేకులకు తెలుగు మాట్లాడటం వచ్చినా చదవడం రాదన్నదీ నిజమే. కాబట్టి తెలుగు లిపిలో ప్రశ్నలు పెట్టి చేతులు దులుపుకుంటే చాలదు, ప్రశ్న చెవికి వినిపించాలి. ఇక శ్రీకాకుళం నుంచి ఈ ఊరికి కోడలుగా వచ్చిన యువతి మాట ఏమిటి? పిల్లవాడిని స్కూటరు మీద బడికి దింపాలనుకునే ఆమెకు తెలుగు చదవడం వచ్చు, బెంగాలీ లిపి రాదు. ఆమె ముందు ఉన్న దారులు రెండే: లైసెన్సు లేకుండా నడపడం, లేదా దళారి చేతికి డబ్బు పెట్టడం.

రవాణా కార్యాలయాల చుట్టూ దళారులు దేశమంతటా ఉన్నారు. వారిని అవినీతి కోణంలోనే చూడటం అలవాటైపోయింది. నిజానికి దళారి చేసే పనిలో సగం అనువాదం. ఫారం ఏమంటున్నదో చెబుతాడు, ఏ జవాబు నొక్కాలో చూపుతాడు. ప్రభుత్వం నియమించని దుబాసీని పౌరుడు తన జేబు ఖర్చుతో నియమించుకుంటున్నాడన్న మాట. ఈ బేరంలో పోయేది డబ్బు మాత్రమే కాదు. జవాబు దళారిది అయినప్పుడు నియమం అభ్యర్థి తలకెక్కదు. లైసెన్సు చేతికి వస్తుంది, తెలివిడి రాదు.

దీని మూల్యం ఎంతో కేంద్ర రవాణా శాఖ లెక్కలే చెబుతున్నాయి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. అందులో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు. హెల్మెట్ లేక మరణించినవారు 50 వేల పైచిలుకు. హెల్మెట్ లేనివారికి పెట్రోలు పోయవద్దని 2016లోనే ఆదేశించిన రాష్ట్రం పశ్చిమ బెంగాల్. ఆదేశం బంకు దగ్గర పనిచేస్తుంది, అవగాహన మలుపు దగ్గర పనిచేస్తుంది. రెండోదానికి భాష కావాలి.

ఇదే ఊరిలో మరొక వ్యవస్థ నూరేళ్లకు పైగా దీనికి భిన్నంగా నడుస్తున్నది. రైలు నడిపేవాడిని రైల్వే ఏనాడూ ఒక పరీక్ష కాగితంతో ఇంజను ఎక్కించలేదు. శిక్షణ, కంటి పరీక్ష, మార్గం నేర్చుకునే ప్రయాణాలు, కొన్నేళ్లకొకసారి మళ్లీ పాఠాలు ఉంటాయి. 1976 నాటి రైల్వే సాధారణ నియమాలు ప్రతి ఉద్యోగికీ తన విధులకు సంబంధించిన నియమాలు తెలిసి ఉండాలని కోరుతూనే, కింది సిబ్బందికి అవసరమైతే వాటిని వివరించే బాధ్యతను పైవారి మీద పెట్టాయి. ఈ మాటలో పెద్ద సూత్రం ఉన్నది. నియమం తెలియకపోవడం కిందివాడి నేరం మాత్రమే కాదు, తెలియజెప్పకపోవడం పైవాడి తప్పు కూడా. రైల్వే ప్రహరీ లోపల గుర్తించిన ఈ సూత్రాన్ని, ప్రహరీ దాటిన రోడ్డు మీద రాజ్యం మరచిపోయింది.

పైగా రైల్వే కొలువు నాటి భరోసా తగ్గుతున్నది. 1990-91లో 16 లక్షలు దాటిన రైల్వే ఉద్యోగుల సంఖ్య ఇప్పుడు 12 లక్షల సమీపానికి దిగింది. తాత షెడ్డులో ఫిట్టరు, తండ్రి కాంట్రాక్టు కూలీ, మనుమడు బండి మీద ఇంటింటికీ పార్సిళ్లు చేరవేసేవాడు. మనుమడికి లైసెన్సు విలాసం కాదు, అన్నం. 2019 సవరణ లైసెన్సు లేని డ్రైవింగ్‌కు జరిమానాను 500 రూపాయల నుంచి 5,000కు పెంచింది. పేదల మీద భారమని ఆ పెంపును మమతా బెనర్జీ ప్రభుత్వం మొదట్లో అమలు చేయలేదు, తరువాత అదే బాట పట్టింది. శిక్ష పదింతలైన చోట, ఆ శిక్షను తప్పించుకునే న్యాయమైన దారి కూడా అంతే వెడల్పు కావాలి.

చేయవలసిన పని కొండంత కాదు. తెలుగు ప్రశ్నల బ్యాంకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రవాణా శాఖల దగ్గర ఏళ్ల తరబడి ఉన్నదే. దానిని అడిగి తెచ్చుకుని, ఖరగ్‌పూర్ అభ్యర్థికి తెరమీద తెలుగు, చెవికి తెలుగు రెండూ అందేలా చూడాలి. హిందీ, ఒడియా, సంతాలీ వారికీ ఇదే హక్కు ఉండాలి. ఇది ఒక్క భాష కోసం అడిగే వరం కాదు. ట్రాఫిక్ పేటలో, నింపురాలో నెలకొకసారి లెర్నర్ శిబిరం పెట్టవచ్చు. పదవీ విరమణ చేసిన లోకో ఇన్‌స్పెక్టర్లు, స్టేషను మాస్టర్లు సిగ్నలు పాఠం చెప్పడానికి దొరకని ఊరు కాదది. ఏ భాషలో ఎందరు పరీక్ష రాశారో, ఎందరు తప్పారో ఏటా ప్రకటిస్తే గుర్తింపు విలువ అంకెల్లోనే తేలుతుంది.

పరీక్షను తేలిక చేయమని ఎవరూ కోరడం లేదు. మైదానంలో ఎనిమిది అంకె చుట్టి చూపినంతలో లైసెన్సు చేతిలో పెట్టే ఆనవాయితీ కన్నా కఠినమైన పరీక్షే కావాలి. ఎంత కఠినమైనదైనా అది అర్థమయ్యే భాషలో ఉండాలి. అర్థం కాని పరీక్షలో నెగ్గినవాడు రోడ్డుకు ప్రమాదం, ఓడినవాడికి అన్యాయం.

తరువాతి ఎన్నికలకు తెలుగు పేటల్లోకి నాయకులు మళ్లీ వస్తారు. పండుగ శుభాకాంక్షల ఫ్లెక్సీలు తెలుగులోనే వెలుస్తాయి. అప్పుడు పేట పెద్దలు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఫ్లెక్సీ మీదకు ఎక్కిన తెలుగు, లైసెన్సు పరీక్ష కంప్యూటరులోకి ఎప్పుడు ఎక్కుతుంది?