గొరిల్లాకు జలుబు, కోతికి అరటిపండు

మొన్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక మిత్రుల ఇంట పది కుటుంబాలు విందుకు కలిశాం. పులిహోర, గుత్తివంకాయ అయ్యాక టీవీ మీద ఫోటోలు వేశారు. రువాండా కొండల్లో గొరిల్లాలు. మనిషికి 1500 డాలర్లు కట్టి, బురదలో పడుతూ లేస్తూ కొండెక్కి, గంటసేపు చూసి వచ్చారట. వీపు నెరిసిన పెద్ద మగ గొరిల్లా, దాని పొట్ట మీద ఆడుకుంటున్న పిల్ల! అందరం నోరు తెరుచుకొని చూశాం. అప్పుడు మా మిత్రులు నవ్వుతూ ఒక రహస్యం బయటపెట్టారు. ఆ రోజు ఆయనకు జలుబు, గొంతు నొప్పి. చెబితే కొండ మీదికి పంపరు. అందుకని రెండు మాత్రలు వేసుకొని, దగ్గు బిగబట్టి వెళ్ళిపోయారట. ఆయనా మాలాగే వైద్యులు. అందరూ నవ్వారు. సిగ్గుతో చెబుతున్నాం, మేమూ నవ్వాం.

ఆ నవ్వుకు ప్రాయశ్చిత్తమే ఈ వ్యాసం. మిత్రుల పేరు రాయబోము. తప్పు ఆయన ఒక్కరిదే అయితే కాగితం ఖర్చు చేయనక్కరలేదు.

డెట్రాయిట్ జూలో మన పిల్లలు చూసే గొరిల్లాలు వేరు. అవి పశ్చిమాఫ్రికా పల్లపు అడవుల జాతి. కొండ గొరిల్లా ఏ జూలోనూ లేదు. రువాండా, ఉగాండా, కాంగో దేశాలు కలిసేచోట విరుంగా అగ్నిపర్వతాల మీద, ఉగాండాలోని బ్విండి అడవిలో మాత్రమే ఉంది. 1981లో విరుంగాలో లెక్కిస్తే 254 తేలాయి. 2018 నాటికి రెండు చోట్లా కలిపి వెయ్యి దాటాయి. ఇది దానంతటదే జరగలేదు. 1967లో కారిసోకే శిబిరం పెట్టిన డయాన్ ఫాసీ 1985లో అక్కడే హత్యకు గురైంది. ఆమె తర్వాత ఎందరో కాపలాదారులు ప్రాణాలిచ్చారు. పశువైద్యులు అడవిలోకే వెళ్ళి ఉచ్చులు కోసి, గాయాలకు మందు వేశారు. 1988లో తట్టు అనుమానం వస్తే గొరిల్లాలకు టీకాలు కూడా వేశారు.

అంటే వాటిని బతికించింది మనిషి దగ్గరికి వెళ్ళడమే. వాటిని చంపగలిగేదీ అదే. మనకు వచ్చే శ్వాసకోశ జబ్బులు వాటికీ వస్తాయి. మనకు రెండు రోజుల ముక్కు కారుడు, వాటికి న్యుమోనియా. 2009లో రువాండాలో హిర్వా అనే గొరిల్లా కుటుంబానికి దగ్గు పట్టుకుంది. ఒక తల్లి వయసు ఆడది, ఒక పసికూన చనిపోయాయి. పరీక్షిస్తే దొరికింది మనుషుల మెటాన్యుమోవైరస్. అందుకే జబ్బుగా ఉన్నవారు రాకూడదన్న నియమం. అందుకే ఒకప్పుడు 7 మీటర్ల దూరం, కోవిడ్ తర్వాత 10 మీటర్లు, ముక్కుకు మాస్కు. ఈ నియమం ఎందుకో పామరుడికి తెలియకపోతే క్షమించవచ్చు. ఆసుపత్రిలో రోజూ మాస్కు కట్టుకొనే మనకు ఏ క్షమాపణ ఉంది?

"అయితే అసలు వెళ్ళడమే మానేస్తే పోలేదా?" అన్నారు ఆ విందులో ఒక అక్కయ్య. మానేస్తే కాపలావాడి జీతం ఎక్కడినుంచి వస్తుంది? రువాండాలో పార్కు రాబడిలో నూటికి పది చుట్టుపక్కల ఊళ్ళకు ఇస్తారు. గొరిల్లా బతికి ఉంటేనే తమకు లాభమని ఊరివాడికి తెలిసింది. అలాగని అక్కడ అంతా న్యాయమే జరిగిందనీ అనము. 1991లో బ్విండిని జాతీయ పార్కు చేసినప్పుడు, తరతరాలుగా ఆ అడవిలో తిరిగిన బత్వా జనాన్ని వెళ్ళగొట్టారు. గొరిల్లాకు ఇల్లు మిగిలింది, వారికి మిగలలేదు. ఫోటోలు చూసి మురిసిపోయేవారు ఈ సంగతీ గుర్తుంచుకోవాలి.

ఫోటోలు అయ్యాక మాట మన ఊళ్ళ కోతుల మీదికి మళ్ళింది. ఇందాక గొరిల్లా పిల్లను చూసి కళ్ళు తుడుచుకున్నవారే, "కోతులన్నిటినీ కాల్చిపారేయాలి" అన్నారు. ఇంకొకరు, ఇండియా వెళ్ళినప్పుడల్లా ఘాటు రోడ్డు మీద కారాపి డజన్లకొద్దీ అరటిపండ్లు పంచుతామని గర్వంగా చెప్పారు. మా దృష్టిలో ఈ ఇద్దరిదీ ఒకే తప్పు. రోడ్డు మీద పండుకు అలవాటుపడిన కోతి అడవిలో ఆకు తినదు, ఊరి మీద పడుతుంది. పుణ్యం కారులో వచ్చినవాడిది, నష్టం చేనుగలవాడిది. తెలంగాణలో కోతుల బాధకు వేరుశెనగ, మొక్కజొన్న, కూరగాయలు వేయడం మానుకున్న రైతులు ఎందరో. 2015లో హరితహారం మొదలుపెట్టినప్పుడు కోతులు అడవికి తిరిగి పోవాలన్నారు. 2020లో నిర్మల్ దగ్గర కోతుల పునరావాస కేంద్రం తెరిచారు. మంచివే. కానీ మనం పండు విసరడం మానకపోతే ఇవేవీ నిలవవు.

కాల్చమన్న వైద్య మిత్రులకు ఇంకొక మాట. మన ఇళ్ళకు అరగంట దూరంలో ఉంది ఆన్ ఆర్బర్. 1955 ఏప్రిల్ 12న అక్కడి రాక్హామ్ హాలులో, సాల్క్ పోలియో టీకా పనిచేస్తోందని థామస్ ఫ్రాన్సిస్ ప్రకటించాడు. ఆ వైరసును పెంచింది కోతుల మూత్రపిండాల కణాల్లో. వాటిలో ఎన్నో మన దేశం నుంచి పెట్టెల్లో వచ్చిన రీసస్ కోతులు, గోదావరి ఒడ్డు దాకా కనిపించే జాతి. వైద్యానికని తీసుకున్న కోతులను ఇక్కడ సైనిక పరిశోధనల్లో వాడారని తెలిసి, మన ప్రభుత్వం 1978లో ఎగుమతి ఆపేసింది. మా మేనమామ పోలియోతో కాలు ఈడ్చుకుంటూ బడికి వెళ్ళాడు. మా తరానికి ఆ బాధ తప్పింది. ఆ కోతి ఋణం తీర్చలేము, కనీసం తుపాకి మాట ఎత్తకుండా ఉండగలం.

కనుక మన సభ్యులకు మా విన్నపాలు మూడు. గొరిల్లాలను చూడబోయేవారు జలుబు ఉంటే ఉందని చెప్పి, కొండ కిందే ఆగిపోండి. 1500 డాలర్లు పోతే పోనీయండి, మనం అంతకంటే పనికిమాలిన ఖర్చులు చేస్తూనే ఉన్నాం. దేశం వెళ్ళినప్పుడు కోతులకు పండ్లు విసరకండి. ఆ డబ్బుతో సొంత ఊళ్ళో ఒక రైతు చేనుకు కంచె వేయించండి, లేదా ఊరవతల నాలుగు పండ్ల చెట్లు నాటించి రెండేళ్ళు నీళ్ళు పోయించండి. వచ్చే విందులో ఎవరైనా దగ్గు దాచిన కథ చెబితే నవ్వకండి. మేమూ నవ్వము.

కోపం వచ్చినవారు మాకు ఫోన్ చేయకుండా ఈ పత్రికకే రాయండి. అందరం చదువుతాం.