12 సెకన్ల హిసాబ్

ఈసారి సియాసత్ లేదు, మజ్‌హబ్ లేదు. చేపల తొట్టి గురించి రాస్తున్నాను. నవ్వకండి.

మా అబ్బాజాన్‌కు ఫాలిజ్ వచ్చి రెండేళ్లు దాటింది. కుడి చెయ్యి పనిచెయ్యదు. కుర్చీలోనే నమాజ్, కుర్చీలోనే అఖ్బార్, మిగిలిన రోజంతా హాల్లో నాలుగడుగుల అక్వేరియం ముందే. అందులో ఐదు గోల్డ్ ఫిష్‌లు. ఒక్కోదానికీ ఒక పేరు పెట్టుకున్నారట, ఎవరికీ చెప్పరు. పోయిన ఎండాకాలం ఆ నీళ్లు పచ్చబడ్డాయి. మొదట పుదీనా కడిగిన నీళ్లలా, వారానికల్లా పాలకూర రసంలా. ఒకరోజు ఫజర్ తర్వాత "మచ్లీ నై దిఖ్ రీ బేటా" అన్నారు. షికాయత్‌లా అనలేదు. అందుకే నాకు ఎక్కువ తగిలింది.

దుకాణానికి వెళ్లి 5 వాట్ల యూవీ స్టెరిలైజర్ తెచ్చాను. పచ్చదనం అంటే నీళ్లలో తేలే నాచు, కంటికి కనిపించని కణాలు. 254 నానోమీటర్ల యూవీ-సీ కిరణం వాటి లోపలి డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది, ఆ తర్వాత అవి పెరగలేవు. మషీన్ మంచిదే. మూడు వారాలు రాత్రింబవళ్లు నడిపాను. నీళ్లు మాత్రం పాలకూర రసంగానే ఉన్నాయి. మళ్లీ దుకాణానికి వెళ్తే, "పంప్ ఇంకా పెద్దది వెయ్యండి భాయ్, నీళ్లు ఎంత జోరుగా తిరిగితే అంత సాఫ్" అన్నాడు. జేబులో చెయ్యి పెట్టి కూడా ఆగాను. అప్పుడు ఆగడం అల్లా దయ.

ఎందుకంటే ఇదే అసలు గలత్‌ఫహమీ. యూవీ నీటిని వడకట్టదు. అది జల్లెడ కాదు, ఎండ. మే నెల ఎండలోకి ఒక్క అడుగు వేసి వెంటనే నీడలోకి దూకినవాడికి చెమట కూడా పట్టదు. కణం ఆ గొట్టంలో ఎంతసేపు ఉందన్నదే లెక్క. కిరణం ఎంత గట్టిది, ఎంతసేపు తగిలింది, ఈ రెండింటి గుణకారమే మోతాదు. నీటి జోరు రెండింతలు చేస్తే మోతాదు సగమైపోతుంది. పెద్ద పంప్ కొని ఉంటే డబ్బిచ్చి మరీ మషీన్‌ని బలహీనం చేసుకునేవాణ్ణి.

ఇంటికొచ్చి యూవీ నుంచి తొట్టిలో పడే పైపు కింద లీటరు మగ్గు పెట్టి గడియారం చూశాను. 3 సెకన్లలో నిండింది. అంటే గంటకు 1,200 లీటర్లు. (పంప్ డబ్బా మీద 1,800 అని ఉంది. ఎత్తు, పైపు మలుపులు, మురికి స్పాంజీ కలిసి మిగతాది తినేశాయి. డబ్బా మీది నంబర్‌ని నమ్మకండి, మగ్గుని నమ్మండి.) తర్వాత ప్లగ్గు తీసి, యూవీ గొట్టంలో ఎన్ని నీళ్లు పడతాయో కొలిచాను. పావు లీటరు. హిసాబ్ వేస్తే ఒక్కో చుక్కకు ఎండ తగిలేది ముప్పావు సెకను!

ఫిల్టర్ తర్వాత పైపును రెండు పాయలు చేశాను. ఒక పాయ నేరుగా తొట్టిలోకి, రెండోది యూవీ గుండా. యూవీ పాయకు చిన్న కుళాయి బిగించి, మగ్గు 12 సెకన్లలో నిండేదాకా తిప్పాను. గంటకు 300 లీటర్లు, లోపల 3 సెకన్లు. మోతాదు నాలుగింతలైంది. ఫిల్టర్ జోరు తగ్గలేదు, పంప్ మారలేదు, కరెంటు బిల్లు పెరగలేదు. ఖర్చు కుళాయికీ, పైపు ముక్కలకీ అయినంతే.

మరి ఇంకా నెమ్మది చేస్తే ఇంకా మంచిదా? కాదు. మా తొట్టిలో నీళ్లు సుమారు 225 లీటర్లు. గంటకు 300 అంటే 45 నిమిషాలకు ఒక చుట్టు. ఒక చుట్టులో ప్రతి చుక్కా యూవీ దాటుతుందని అనుకోవద్దు. శుభ్రమైన నీళ్లు తిరిగి అదే తొట్టిలో కలుస్తాయి కాబట్టి, దాటేది దాదాపు 63 శాతమే. మూడు చుట్లకు 95 శాతం. జోరు గంటకు 30 లీటర్లకు దించితే ఒక్క చుట్టుకే ఏడున్నర గంటలు పడుతుంది. ఈలోపు తొట్టిలో మిగిలిన నాచు తన సంతానం పెంచుకుంటూనే ఉంటుంది.

ఐదో రోజు వెనక గోడ లీలగా కనిపించింది. రెండో జుమాకు నీళ్లు తేటబడ్డాయి. మధ్యలో రెండుసార్లు ఫిల్టర్ స్పాంజీ చచ్చిన నాచుతో మూసుకుపోతే, తొట్టి నుంచి తీసిన నీళ్లలోనే పిండాను. నల్లా నీళ్లలోని క్లోరిన్ మంచి బ్యాక్టీరియాను చంపుతుంది.

నా అభ్యంతరం దుకాణదారు మీద కంటే ఆ డబ్బా మీద. "5 వాట్లు, 300 లీటర్ల తొట్టి వరకు" అని రాసుంది. ఎంత జోరులో అన్న మాటే లేదు. అది లేకపోతే మిగతా రెండు నంబర్లకూ మాయ్‌నే లేదు. నాచుకు ఒక జోరు, తెల్లమచ్చల జబ్బు తెచ్చే పరాన్నజీవికి అంతకంటే బాగా తక్కువ జోరు, రెండూ రాసి ఉండాలి. దానికి మోతాదు చాలా ఎక్కువ కావాలి, పైగా నీళ్లలో ఈదే దశలో ఉన్నవే చిక్కుతాయి, చేప ఒంటి మీదున్నవి కాదు. గిరాకీలకు ఇవన్నీ సమఝ్ కావంటారు దుకాణంవాళ్లు. బిర్యానీకి బియ్యమెంత నీళ్లెంత అని వేలితో కొలిచేవాళ్లం, జకాత్‌కు నిసాబ్ లెక్క కట్టేవాళ్లం. 12 సెకన్లు సమఝ్ కావా?

చేపల సంగతి పోనివ్వండి, తాగే నీళ్ల సంగతి చూడండి. వంటింటి యూవీ ప్యూరిఫయర్ నుంచి ధార సన్నగా వస్తోందని మా అమ్మీ అంటే, ఓ మెకానిక్ లోపల జోరును అదుపు చేసే చిన్న ముక్క తీసేసి పోయాడు. ధార బ్రహ్మాండంగా వచ్చింది, అమ్మీ దువా కూడా ఇచ్చింది. అదీ ఇదే లెక్క అని తొట్టి దగ్గర బుద్ధొచ్చాక తెలిసింది. పిలిపించి మళ్లీ పెట్టించాను. మీ ఇంట్లో కూడా అలా తీయించి ఉంటే, దయచేసి ఈ వారమే పెట్టించండి.

ఇంకో మాట ఒప్పుకోవాలి. పచ్చదనానికి అసలు కారణం కిటికీ ఎండ, అబ్బాజాన్ మేత. ఐదు పూటలా నమాజ్ అయ్యాక చిటికెడు చొప్పున వేసేవారట! పర్దా వేశాను, మేత రెండు పూటలకు ఒప్పించాను. ఏడాది వాడితే బల్బు వెలుగుతూనే ఉన్నా కిరణం బలం తగ్గుతుంది కాబట్టి, పెట్టిన తారీఖు గోడ మీద రాశాను. పక్కనే మేత టైం కూడా రాశాను. అసర్ కాగానే మాత్రం ఆయన ఇంకా, "పొద్దున వేశానా బేటా, యాద్ లేదు" అంటూనే ఉన్నారు.